కొట్టాల కాలనీలో పిల్లలకు చదువుల సెంటర్ ఎలా కట్టాలి? ముందు తాళం సంగతి, తర్వాత ప్లాను

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. కర్నూలులో హంద్రీ నదికి దగ్గరగా ఒక కొట్టాల కాలనీ, సుమారు 250 కుటుంబాలు. కాలనీ చివర నాలుగు సెంట్ల ఖాళీ జాగా చూపించారు. స్నేహితులు, దాతలు కలిసి 25 లక్షలు పోగు చేశారు. 14 నుంచి 25 ఏళ్ల పిల్లల కోసం చదువుల సెంటర్ కట్టాలి. కింద రెండు క్లాసురూములు, పైన లైబ్రరీ, కంప్యూటర్ ల్యాబ్ అని స్కెచ్ వేసుకున్నారు. అది సరిపోతుందా, ఇంకేమైనా మార్చాలా అని ప్రశ్న.

సూటిగా చెప్తాను. పై అంతస్తు తీసేయండి. ఒక పెద్ద హాలు, దాని వెనక ఒక చిన్న రీడింగ్ రూము, ముందు ఎనిమిది అడుగుల వెడల్పు వరండా, నీళ్లున్న రెండు బాత్‌రూములు, ఒక స్టోరు. ఇంతే. కంప్యూటర్లకు ప్రత్యేకంగా గది వద్దు. అన్నిటికన్నా ముందు, ఈ బిల్డింగు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తేల్చండి. అది తేలేదాకా ప్లాను గీయకండి.

నేను సివిల్ ఇంజనీరును. ఇరవై ఏళ్లకు పైగా కాంట్రాక్టు పనులు చేస్తూ, మధ్యమధ్యలో కర్నూలు, అనంతపురం, కడపల్లో ఇలాంటి సెంటర్లు ఏడు కట్టించాను. నాలుగు నడుస్తున్నాయి, రెండింటికి తాళం పడింది, ఒకటి గోడౌన్ అయింది. కింద రాసేవాటిలో సగం నా తప్పుల నుంచి నేర్చుకున్నవే.

ఆ గోడౌన్ కథే ముందు చెప్తాను, ఎందుకంటే మీ స్కెచ్ అచ్చం దానిలాగే ఉంది. కడపలో కట్టాం. కింద హాలు, పైన లైబ్రరీ. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది, శిలాఫలకం మీద నా పేరు కూడా చెక్కించారు. మూడు నెలలకు ఎవరి పెళ్లికో తెచ్చిన షామియానా సామాను కింది హాల్లో పెట్టుకుంటామన్నారు, రెండు రోజులకే అని. ఆ రెండు రోజులు ఇంకా అయిపోలేదు. పైన లైబ్రరీ బాగానే ఉండేది గానీ, మెట్లు వీధిలోంచి కనపడని పక్కన పెట్టాను. సాయంత్రం ఆరు దాటితే ఆడపిల్లల్ని పంపేది లేదని తల్లులు చెప్పేశారు. "పైన ఎవరున్నారో కింద నిలబడితే తెలీదు కదా సార్" అంది ఒకావిడ. నా దగ్గర జవాబు లేదు. ఆడపిల్లలు మానేశాక మగపిల్లలు ముందు క్యారమ్స్‌కు, తర్వాత పేకాటకు వాడుకున్నారు. ఏడాది తిరిగేసరికి పైన కూడా సామానే.

పైన ఏం జరుగుతోందో వీధికి తెలియని గదిని ఇలాంటి కాలనీలో ఎవరూ నమ్మరు. పైగా మెట్లకే వంద చదరపు అడుగుల దాకా పోతాయి, పుటింగులు, అంటే పిల్లర్ల అడుగున వేసే దిమ్మెలు, పెద్దవి చేయాలి, శ్లాబుకు కట్టే సెంట్రింగ్ ఖర్చు రెండుసార్లు. ఆ డబ్బుతో వరండా వస్తుంది.

ఇంకో సంగతి కూడా అడగాలి, కొంచెం చేదుగా ఉంటుంది. అసలు కొత్తగా కట్టాలా? దగ్గర్లో మున్సిపల్ స్కూలు ఉంటే సాయంత్రం నాలుగున్నర నుంచి అది ఖాళీ. చాలా కాలనీల్లో ఎప్పుడో కట్టి మూసేసిన కమ్యూనిటీ హాలు కూడా ఉంటుంది. అలాంటిదాన్ని ఆరు నెలలు వాడుకుని చూడండి. ఎంతమంది వస్తారు, ఏ వేళకు వస్తారు, ఎవరు రావడం లేదు అన్నది తెలిశాక కట్టే బిల్డింగు వేరేగా ఉంటుంది. నా నాలుగు సెంటర్లలో రెండు ముందు అలా అప్పు గదుల్లో మొదలైనవే.

జాగా ఎవరిది? "చూపించారు" అని రాశారు, "ఇచ్చారు" అనలేదు. ఎవరు చూపించారు? వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ దగ్గరికి వెళ్లి సర్వే నంబరు రాయించుకోండి. తర్వాత తహసీల్దారు ఆఫీసులో అది ఏ ఖాతాలో ఉందో చూడండి. మున్సిపల్ ఖాళీ స్థలమా, మామూలు పోరంబోకా (సర్కారు భూమి), వంక పోరంబోకా (వాగు పారే జాగా) అన్నది తేలాలి. వంక పోరంబోకు అయితే అక్కడ కాంక్రీటు పోయకండి. ఎంతమంది సరేనన్నా పోయకండి. రేపు కూల్చేస్తే పోయేది దాతల డబ్బు, నీళ్లొస్తే పోయేది పిల్లల ప్రాణం. జాగా వివాదం తేలేట్టు లేకపోతే బోల్టులతో బిగించే ఇనుప ఫ్రేము, పైన షీట్లు, కింద బండలు పరిచి షెడ్డు వేసుకోండి. అవసరమైతే విప్పి ఇంకోచోట బిగించుకోవచ్చు. చూడటానికి అందంగా ఉండదు, కానీ మీ పాతిక లక్షల్లో ఇరవై చేతిలోనే ఉంటాయి.

అంతా సవ్యంగా ఉంటే, బిల్డింగు నగరపాలక సంస్థ పేరు మీద ఉంచి, నడిపే బాధ్యత మీ గ్రూపుకో, కాలనీ పొదుపు సంఘాల సమాఖ్యకో రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. నోటిమాట మీద నడిస్తే కమిషనర్ మారినప్పుడల్లా మళ్లీ మొదటికొస్తుంది.

ఎవరు, ఏ వేళకు? సైజుల కన్నా ముందు ఇది రాసుకోండి. నా అనుభవంలో ఇలా ఉంటుంది. తెల్లవారుజామున ఐదు నుంచి ఎనిమిది దాకా కానిస్టేబుల్, గ్రూప్స్, డీఎస్సీకి చదువుకునేవాళ్లు పదిమంది. వీళ్లకు టీచరు అక్కర్లేదు. కుర్చీ, లైటు, నిశ్శబ్దం ఉంటే చాలు. పగలు దాదాపు ఖాళీ. ఓపెన్ స్కూల్లో పది రాసేవాళ్లో, కుట్టుపని నేర్చుకునే ఆడవాళ్లో వస్తారు. నాలుగున్నరకు స్కూలు పిల్లలు. ఆరున్నర నుంచి తొమ్మిది దాకా పది, ఇంటరు పిల్లలు. ఒకే గది నాలుగు రకాలుగా వాడతారు, కాబట్టి రెండు క్లాసురూములుగా గోడ కట్టొద్దు. మధ్యలో ఒక తెర చాలు.

మీ లెక్కలో 14 ఏళ్లు అని ఉంది. కానీ పద్నాలుగేళ్ల ఆడపిల్ల ఒక్కతే రాదు. చంకలో చెల్లెలో, వెనక తమ్ముడో ఉంటాడు. అమ్మా నాన్నా కూలి నుంచి వచ్చేదాకా వాళ్లను చూసుకోవాల్సింది ఆ పిల్లే. "చిన్నపిల్లల్ని తేవద్దు" అని బోర్డు పెట్టిన సెంటర్ ఒకటి చూశాను. చిన్నపిల్లలతో పాటు అక్కలూ రావడం మానేశారు. వరండా పెద్దదిగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. చిన్నవాళ్లు అక్కడ ఆడుకుంటుంటే అక్క లోపలి నుంచి ఒక కన్నేసి ఉంచుతుంది. హాలు కిటికీ అడుగు భాగం రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండాలి. నాలుగడుగులు పెడితే కూర్చున్న పిల్లకు వరండా కనపడదు.

ఆదోని, కోసిగి వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు మీ కాలనీలో ఉంటే, సుగ్గి కాలంలో మిరప కోతలకు గుంటూరు వైపు వెళ్తారు. పెద్ద పిల్లలూ వెళ్తారు. రెండు మూడు నెలలు హాజరు పడిపోతుంది. భయపడకండి, అది మీ సెంటర్ తప్పు కాదు. వాళ్ల పుస్తకాలు, సర్టిఫికెట్లు దాచుకోవడానికి స్టోరులో చిన్న చిన్న అరలున్న ఇనుప బీరువా ఒకటి పెట్టండి. కొట్టంలో కాగితం నిలవదు. 2009 వరదలో సర్టిఫికెట్లు పోయి, డూప్లికేట్ల కోసం ఏళ్లపాటు తిరిగినవాళ్లు నాకు తెలుసు.

ఇక సైజులు. నాలుగు సెంట్లు అంటే సుమారు 1740 చదరపు అడుగులు. హాలు 18 అడుగులు, 28 అడుగులు, అంటే 504. చాప మీద కూర్చుంటే మనిషికి పది చదరపు అడుగులు లెక్క, యాభై మంది. బల్లలు వేస్తే ముప్పై దాటరు. అందుకే మడతపెట్టే పొట్టి బల్లలు తీసుకోండి. రీడింగ్ రూము 12, 16. టేబులు వేసుకుని పదిమంది ఇబ్బంది లేకుండా కూర్చుంటారు. వరండా 240. బాత్‌రూములు, స్టోరు కలిపి వంద పైచిలుకు. గోడలు కలుపుకుంటే మొత్తం 1200 దాకా వస్తుంది. మిగతాది వాకిలి, ర్యాంపు, ఒక కానుగ చెట్టు. చెట్టును పునాదికి వీలైనంత దూరంగా నాటండి.

ఈ సైజుల్ని కాగితం మీద చూపిస్తే కాలనీలో అందరూ బాగుందనే అంటారు. మీటింగు పెడితే నలుగురు మగవాళ్లు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. దానికి బదులు జాగాలో ముగ్గు పోయండి. మేస్త్రీ పునాదికి పోస్తాడే, అదే ముగ్గు, ఒక వారం ముందే. గోడలు ఇవి, తలుపు ఇది, బాత్‌రూము ఇక్కడ అని గీతల్లో చూపించి పిల్లల్ని లోపల కూర్చోబెట్టండి. కర్నూలులో ఒకచోట ఇలా చేసినప్పుడు ఎనిమిదో తరగతి పిల్ల వచ్చి, "తలుపు ఆ అంగడి ముందర వద్దన్నా, అక్కడ ఎప్పుడూ మగోళ్లు కూచోనుంటారు" అంది. తలుపు పక్క సందులోకి మార్చాం. పది మీటింగులు పెట్టినా ఆ మాట బయటికొచ్చేది కాదు.

నేల. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. ఏటి ఒడ్డు కాలనీల్లో చదునుగా కనిపించే ఖాళీ జాగా చాలాసార్లు చెత్త, పాత ఇళ్ల మట్టి పోసి పూడ్చిందే అయ్యుంటుంది. అనంతపురంలో నేను ఒక్క గుంత తవ్వించి, నాలుగడుగుల్లో గట్టి నేల తగిలిందని పుటింగులు వేయించాను. రెండో వానాకాలానికి ఒక మూల కుంగింది, గోడలో వేలు పట్టేంత పగులు. తవ్వి చూస్తే ఆ మూలన ఆరడుగుల లోతులో ప్లాస్టిక్ కవర్లు, గాజు పెంకులు. పాత వంక అటుగా పోయేదని తర్వాత ఒక ముసలాయన చెప్పాడు. ముందే అడిగుంటే చెప్పేవాడే. కాబట్టి కనీసం మూడు మూలల్లో, ఎనిమిది అడుగుల దాకా తవ్వించండి. మనిషి కూలి తప్ప ఖర్చు లేదు.

నల్లరేగడి అయితే ఇంకో జాగ్రత్త. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఎండాకాలంలో పగులు ఎంత లోతుకు దిగిందో అంతకన్నా కిందికి, వీలైతే గరుసు (గులకరాళ్లు కలిసిన గట్టి మట్టి) తగిలేదాకా పుటింగు పోవాలి. పిల్లర్లన్నిటినీ కలుపుతూ కింద ప్లింత్ బీము తప్పనిసరి. పునాది చుట్టూ తీసిన నల్లమట్టితోనే మళ్లీ పూడ్చకండి, గరుసు పోయించండి. బిల్డింగు చుట్టూ మూడడుగుల వెడల్పున బండలు పరిచి, వాననీళ్లు గోడ పక్కన ఇంకకుండా బయటికి వాలు ఇవ్వండి. నల్లరేగడిలో గోడలు పగిలేది ఎక్కువగా ఆ ఇంకిన నీళ్ల వల్లే.

తర్వాత బేస్‌మట్టం ఎత్తు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచిన సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లను తప్పించుకునే ఎత్తు మీరు కట్టలేరు, ప్రయత్నించకండి. అయితే కాలనీలో పాత గోడలున్న ఇళ్లవాళ్లను అడిగితే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చేత్తో చూపిస్తారు. మీ ప్లాను మీద ఆ గీత గీసి పెట్టుకోండి. బేస్‌మట్టం చూసుకోవాల్సింది మామూలు వానలకు, పొంగే మురుగు కాలువకు. ఒక అనుభవం: మన ఊళ్లలో సీసీ రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాన్ని తీయరు, దాని మీదే పోస్తారు. ఒక్కోసారికి అర అడుగు లేస్తుంది. ఈరోజు రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తు కడితే పదేళ్లకు సమానమైపోతుంది. రెండున్నర అడుగులు పెట్టండి.

కానీ రెండున్నర అడుగులు లేపితే ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు చొప్పున ముప్పై అడుగుల పొడవు కావాలి. చాలామంది ఇక్కడే చేతులెత్తేసి, ఎనిమిది అడుగుల్లో నిటారుగా ఒక ర్యాంపు పెట్టి ఫొటో తీసుకుంటారు. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు, బైకులు మాత్రం ఎక్కుతాయి. ప్రహరీ వెంబడి పదిహేను అడుగులు పోయి, తిరిగి ఇంకో పదిహేను వచ్చేట్టు నాలుగడుగుల వెడల్పుతో కట్టండి. మలుపు దగ్గర ఐదడుగుల చదును ఉంచండి. జాగా పోతుంది, నిజమే. నేను హాల్లో రెండడుగులు తగ్గించుకునైనా ఇది పెడతాను.

వరద సంగతికొస్తే, స్విచ్‌బోర్డులు నాలుగున్నర అడుగుల ఎత్తున, పుస్తకాల అరలు మూడడుగుల పైన. సర్టిఫికెట్లు బీరువా పై అరలోనే ఉండాలి. మిద్దె మీదికి ఒక ఇనుప మెట్ల దారి పెట్టి, మామూలు రోజుల్లో గ్రిల్లుకు తాళం వేయండి. కాలనీలో కొట్టాల మధ్య గట్టి శ్లాబు మీ సెంటర్‌దొక్కటే అయితే, నీళ్లొచ్చిన రాత్రి జనం ఎక్కేది దాని మీదికే.

ఎండ. కర్నూలులో సాయంత్రం ఏడుకు పిల్లలు కూర్చోలేకపోతే కారణం బయటి గాలి కాదు, నెత్తి మీది శ్లాబు. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు సరిగ్గా మీ క్లాసు టైముకే కక్కుతుంది. మన అక్షాంశంలో మే మొదటివారం, మళ్లీ ఆగస్టు రెండోవారం మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, కాబట్టి ఎండ ముందు పడేది పైకప్పు మీదే. గోడల సంగతి తర్వాత.

మన పాత మిద్దెల మీద చౌడుమట్టి మందంగా పరిచేవాళ్లు, చల్లగా ఉండేవి. ఐదంగుళాల శ్లాబు మీద ఆ బరువు వేయమని చెప్పను. శ్లాబు మీద ఇటుక ముక్కల కాంక్రీటు వాలుగా వేసి, దానిపైన తెల్ల టైల్స్ ముక్కలు అతికించండి. టైల్స్ షాపుల్లో పగిలినవి చవగ్గా ఇస్తారు. అది కూడా కుదరకపోతే సున్నం. ఏటా ఉగాదికి ఇళ్లకు వేసినట్టే మిద్దె మీద రెండు పూతలు వేయించడం పిల్లలకే అప్పజెప్పండి. నా లెక్కలో పెట్టిన రూపాయికి ఇంతకన్నా ఫలితమిచ్చే పని ఈ బిల్డింగులో ఇంకోటి లేదు. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ వాడిన పద్ధతి ఒకటుంది, శ్లాబులో అడుగు భాగాన కాంక్రీటుకు బదులు పెంకులు పెట్టడం. కాంక్రీటు మిగులుతుంది, కొంచెం చల్లగానూ ఉంటుంది. కానీ ఇక్కడ అది తెలిసిన మేస్త్రీ దొరికితేనే చేయించండి. తెలియనివాడి చేత చేయిస్తే కారుతుంది, నేను చూశాను.

సిమెంటు రేకులు వద్దు. వేడి ఒకటి, వాన పడితే టీచరు మాట వినపడకపోవడం ఇంకోటి.

హాలు పొడవు తూర్పు పడమరలుగా ఉంచి, కిటికీలు ఉత్తరం, దక్షిణం గోడలకు పెట్టండి. పడమటి గోడకు కిటికీ లేకుండా అటువైపు స్టోరు, బాత్‌రూములు రావాలి. సాయంత్రపు ఎండ వాటి మీద పడి ఆగుతుంది. మనలాంటి వేడి పొడి ప్రాంతాల్లో తలుపులు కాక కిటికీలే నేల వైశాల్యంలో పదోవంతు ఉండాలని బిల్డింగ్ కోడ్ లెక్క. మీ హాలుకు యాభై చదరపు అడుగులు. నేను ఇంకొంచెం ఎక్కువే పెడతాను. శ్లాబు పదకొండు అడుగుల ఎత్తున ఉంచి, దాని కిందుగా రెండువైపులా జాలీలు వదిలితే పైకి చేరిన వేడిగాలి బయటికి పోతుంది. జాలీకి లోపలివైపు దోమల మెష్ కొట్టడం మర్చిపోకండి. హంద్రీ దోమల గురించి మీకు నేను చెప్పాలా.

నేలకు, కూర్చునే అరుగులకు, పుస్తకాల అరలకు బేతంచెర్ల బండలు వాడండి. దగ్గర్లో దొరుకుతాయి, చల్లగా ఉంటాయి, చెదలు పట్టవు. చెక్క అరలకు పెట్టే డబ్బు దండగ.

బాత్‌రూములు. అనంతపురంలోనే ఇంకో సెంటర్లో ఆడపిల్లల బాత్‌రూమును గౌరవంగా వెనకవైపు, చాటుగా కట్టాను. ఒక్కరూ వెళ్లలేదు. కారణం, అక్కడికి పోవాలంటే మగపిల్లలు క్యారమ్స్ ఆడే చోటు దాటాలి. మనం చాటు అనుకున్నది వాళ్లకు భయం. ఇప్పుడు ఆడపిల్లల బాత్‌రూము తలుపు రీడింగ్ రూము వైపు, సెంటర్ చూసుకునే ఆమె కుర్చీకి కనపడేట్టు పెడుతున్నాను. మగపిల్లలది బయటి వైపు. లోపల కొళాయి, బకెట్, తగిలించుకోవడానికి కొక్కెం, మూతున్న డబ్బా, వెలిగే లైటు. వీటిలో ఒక్కటి లేకపోయినా పెద్దపిల్లలు నెలకు నాలుగు రోజులు రారు.

సెప్టిక్ ట్యాంకు వీధి వైపే రావాలి. కాలనీ సందులు ఆరడుగులుంటాయి, దాన్ని ఖాళీ చేసే లారీ లోపలికి రాదు, పైపు అందాలి. వెనక కట్టి, మూడేళ్లకు నిండాక ఏం చేయాలో తెలియక బాత్‌రూములకు తాళం వేసిన చోటు ఉంది. నీళ్లకు కింద సంపు, మీద వెయ్యి లీటర్ల ట్యాంకు. ప్రహరీ బయటికి ఒక కొళాయి వదలండి. వీధివాళ్లు పట్టుకుంటారు, బిల్లు కొంచెం పెరుగుతుంది. కానీ ఆ కొళాయి దగ్గర పొద్దునా సాయంత్రం ఆడవాళ్లు ఉంటారు. వాళ్లున్నంతసేపు మీకు వాచ్‌మన్ అక్కర్లేదు.

కంప్యూటర్లు. పది డెస్క్‌టాపులు, ఏసీ గది అని దాతలు ఇష్టంగా ఇస్తారు, ఎందుకంటే ఫొటోలో బాగుంటుంది. వద్దని చెప్పండి. ఐదు ల్యాప్‌టాపులు, గట్టి బీరువా, వైఫై, ఒక ప్రింటరు. హాలు గోడ వెంట అడుగున్నర వెడల్పున బండ బల్ల, దానిపైన ప్లగ్గులు. కంప్యూటర్ క్లాసు లేనప్పుడు అదే రాసుకునే బల్ల. పిల్లలందరి చేతిలో ఫోనుంది. అప్లికేషన్లు నింపేదీ, ఆన్‌లైన్ టెస్టులు రాసేదీ అందులోనే. వాళ్లకు కావాల్సింది ఛార్జింగు, సిగ్నలు, తప్పుల్లేకుండా ఫారం నింపడం చూపించే మనిషి. కరెంటు పోతే లైట్లు, ఫ్యాన్లు నడిచేలా ఇన్వర్టరు మాత్రం మొదటిరోజే ఉండాలి.

లైట్లలో పిసినారితనం చూపకండి. చదువుకునే చోట బల్ల మీద 300 లక్స్ వెలుతురు ఉండాలి. మీ హాలుకు 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు పన్నెండు, రీడింగ్ రూముకు ఐదు పడతాయి. మామూలుగా నాలుగు పెట్టి వదిలేస్తారు. బోర్డు ఉర్దూలో కూడా రాయించండి, మీ కాలనీలో ఉర్దూ మీడియం పిల్లలు ఉంటే వాళ్ల పుస్తకాలూ తెప్పించండి. లేకపోతే ఇది తమది కాదనుకుంటారు.

ఇక తాళం. నడవని రెండు సెంటర్లలో ఒకదాని తాళం కాలనీ పెద్దమనిషి దగ్గర ఉండేది. చాలా మంచివాడు, ఎవరితోనూ గొడవ లేదు. కానీ మార్కెట్ యార్డులో హమాలీ, ఉల్లిగడ్డ సీజనులో రాత్రి ఎనిమిదైనా రాడు. పిల్లలు గేటు దగ్గర నిలబడి నిలబడి మానేశారు. రెండోదాని తాళం మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ట్రస్టు ఆఫీసులో. దాని గురించి వేరే చెప్పక్కర్లేదు.

నడుస్తున్న నాలుగింటిలో తాళం బిల్డింగుకు ఎదురింట్లో, ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉండే ఒకామె దగ్గర ఉంది. నెలకు ఎంతో కొంత ఇస్తారు, ఊరికే చేయించుకోరు. రెండో తాళం సాయంత్రం క్లాసులు చూసే అమ్మాయి దగ్గర. తెల్లవారుజామున వచ్చేవాళ్లలో ఒకరికి మూడోది. అందుకే ప్లాను కన్నా ముందు ఆ ఎదురిల్లు ఏదో వెతకమంటున్నాను. తలుపు ఆ ఇంటి వైపు చూడాలి కదా. జాగాకు ఎదురుగా ఇళ్లే లేకపోతే, కాలనీ చివర అన్నారు కాబట్టి ఆ అనుమానం నాకుంది, ఇంకో జాగా అడగండి. రెండు సెంట్లైనా సరే, నడిమధ్య ఉన్నది మేలు.

వీధి అరుగు గురించి నాకే రెండు అభిప్రాయాలున్నాయి. ముందు అరుగు కడితే పగలు ముసలివాళ్లు కూర్చుంటారు, కాపలా. రాత్రి పదికి తాగేవాళ్లు కూర్చుంటారు. ఒకచోట కట్టినదాన్ని పగలగొట్టించాం. ఇంకోచోట గేటు లోపలికి జరిపి, లైటు పెడితే సర్దుకుంది. మీ వీధి ఎలాంటిదో చూసి మీరే తేల్చుకోవాలి.

డబ్బు లెక్క క్లుప్తంగా. లోపలి భాగం 950 చదరపు అడుగులు, మీ మేస్త్రీ అడుగుకు రెండు వేలు చెప్పాడనుకుందాం, 19 లక్షలు. వరండాకు అందులో సగం రేటు, రెండున్నర లక్షలు. మిగిలిన మూడున్నరలో ఇన్వర్టరు, ఫ్యాన్లు, ల్యాప్‌టాపులు, బల్లలు. అందులోంచే ఒక లక్ష పక్కన పెట్టండి, ముట్టుకోకండి. అది మొదటి రెండేళ్ల కరెంటు బిల్లు, బాత్‌రూములు కడిగే ఆమె జీతంలో కొంత భాగం. నేల చెడ్డదైతే పునాదులే లక్షన్నర, రెండు లక్షలు ఎక్కువ మింగుతాయి. అప్పుడు రీడింగ్ రూమును రెండో విడతకు వాయిదా వేయండి గానీ వరండా తగ్గించకండి. పెద్ద పరీక్షలకు చదివేవాళ్లు వరండా చివర ఒక తడిక కట్టుకుని సర్దుకోగలరు.

గుంతలు తవ్వించాక మట్టి ఏ లోతులో రంగు మారిందో, నీళ్లు ఊరాయో లేదో, ముందున్న వీధి ఎన్ని అడుగులో రాయండి. పుటింగుల సైజు అప్పుడు చెప్తాను. ఇప్పుడే చెప్పమంటే మాత్రం చెప్పను.